నల్లరేగడి పొలంలో సొంత వేధశాల: పియర్, జారే పైకప్పు, దిక్కుల గురించి సలహాలు కావాలి

వేగుచుక్క (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. నంద్యాలకు తూర్పున, నల్లమల కొండలు కనిపించేంత దూరంలో మాకు కొద్దిపాటి పొలం ఉంది. అందులో పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న చిన్న వేధశాల కట్టుకోవాలన్నది చాలాకాలంగా ఉన్న కోరిక. నా దగ్గర 8 అంగుళాల ష్మిట్-కాసెగ్రెయిన్ టెలిస్కోపు, ఇరవై కిలోల బరువు మోయగల ఈక్వటోరియల్ మౌంటు (ఒక అక్షం ధ్రువం వైపు ఉండి, భూభ్రమణానికి తగ్గట్టు టెలిస్కోపును తిప్పే ఆధారం), చల్లబరిచే ఏర్పాటున్న రంగుల కెమెరా ఉన్నాయి. ఇప్పుడు వీటన్నింటినీ ప్రతిసారీ మేడ మీదికి మోసుకెళ్లి, ట్రైపాడ్ సరిచేసి, ధ్రువ అమరిక (ఆ అక్షాన్ని ధ్రువానికి సరిపెట్టడం) పూర్తిచేసేసరికి రాత్రిలో మంచి భాగం గడిచిపోతోంది.

నాకు తేలవలసిన విషయాలు ఇవి. పునాది నల్లరేగడిలో పడాలి కాబట్టి పియర్ (టెలిస్కోపును నిలిపే స్తంభం) కదలకుండా ఉండాలంటే ఏం చేయాలి? గోపురం మంచిదా, జారే పైకప్పు మంచిదా? జారే పైకప్పు అయితే దాన్ని ఏ దిక్కుకు జరపాలి? విదేశీ వెబ్‌సైట్లలో దాదాపు అందరూ ఉత్తరానికే జరుపుతున్నారు, కానీ వారి అక్షాంశం నలభై, యాభై డిగ్రీలు. మాది పదిహేనున్నర. అదే పద్ధతి మనకు పనికొస్తుందా అన్నది నా సందేహం.

గొల్లకావడి

వేగుచుక్క గారూ, ముందు నేల సంగతి తేల్చుకోండి. మిగిలిన నిర్ణయాలను తరువాత మార్చుకోవచ్చు, పునాదిని మార్చుకోలేరు.

నల్లరేగడి వానాకాలంలో నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. మే నెలలో మా వైపు పొలాల్లో ఆ నెర్రెల్లోకి మోచేతి వరకు చెయ్యి దిగుతుంది. అలాంటి నేలపై మూడడుగుల గుంట తవ్వి కాంక్రీటు దిమ్మె పోస్తే, అది ఎంత బరువున్నదైనా నేలతో పాటే లేస్తుంది, నేలతో పాటే దిగుతుంది. ఒక్కోవైపు తేమ ఒక్కో రకంగా ఉంటుంది కనుక నిలువునా కాకుండా కొద్దిగా ఒరుగుతుంది కూడా. మీటరు ఎత్తుకు ఒక్క మిల్లీమీటరు ఒరిగినా ధ్రువ అక్షం సుమారు 3.4 ఆర్క్ నిమిషాలు తప్పుతుంది (డిగ్రీలో అరవయ్యో వంతు ఆర్క్ నిమిషం, అందులో అరవయ్యో వంతు ఆర్క్ సెకను). ఆ తేడా వల్ల నక్షత్రం నిమిషానికి ఇంచుమించు 0.9 ఆర్క్ సెకన్ల వరకు పక్కకు జరగవచ్చు. గైడింగ్ (ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంటును ఎప్పటికప్పుడు సరిచేయడం) దాన్ని కొంతవరకు సరిచేసినా, ఫొటో అంచుల్లో చుక్కలు వంపు తిరగడం ఆగదు.

దీనికి మన దేశంలోనే పుట్టిన పరిష్కారం ఉంది. రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ నల్లరేగడి కోసం అభివృద్ధి చేసిన అండర్ రీమ్డ్ పైల్ అది. సన్నని గుండ్రటి గుంటను సుమారు మూడున్నర మీటర్ల లోతుకు తవ్వి, అడుగున ఒక ప్రత్యేక పనిముట్టుతో గుంటను గుమ్మడికాయలా వెడల్పు చేసి, ఇనుప చువ్వలు దించి కాంక్రీటు పోస్తారు. తేమ మార్పులు అంత లోతుకు చేరవు కాబట్టి అడుగు కదలదు, పై నేల ఉబ్బినా ఆ ఉబ్బు పైల్‌ను పైకి లాగలేదు. ఇళ్లకు ఈ పైల్స్ వేసే మేస్త్రీలు మీ జిల్లాలో దొరుకుతారు. ముందుగా గుంట తీయించి చూడండి. ఆరేడు అడుగులకే గట్టి మొరం తగిలితే పైల్ అవసరం ఉండదు, మొరం మీద వెడల్పాటి పునాది వేసి అక్కడినుంచే పియర్ లేపవచ్చు.

ఇంకొక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. గది చుట్టూ మూడడుగుల వెడల్పున, బయటికి వాలు ఉండేలా సిమెంటు చప్టా వేయించండి. కప్పు మీది నీళ్లు పునాది పక్కన ఇంకిపోతే మిగతా శ్రమంతా వృథా అవుతుంది.

పిల్లలకోడి

గొల్లకావడి గారు చెప్పిన దానితో ఏకీభవిస్తూ, పియర్ నేల పైకి వచ్చిన తరువాతి భాగం గురించి రాస్తాను.

పియర్‌కు, గది నేలకు మధ్య ఎక్కడా తాకిడి ఉండకూడదు. నేల పోసేటప్పుడు పియర్ చుట్టూ అంగుళం మందం థర్మోకోల్ షీటు చుట్టి, కాంక్రీటు గట్టిపడిన తరువాత దాన్ని తీసేసి, ఆ సందును రబ్బరు పట్టీతో మూయించండి. అప్పుడు మీరు గదిలో నడిచినా ఆ అదురు టెలిస్కోపుకు చేరదు.

మన అక్షాంశంలో వచ్చే మరో చిక్కు విదేశీ పుస్తకాల్లో కనిపించదు. పదిహేనున్నర డిగ్రీల దగ్గర మౌంటు ధ్రువ అక్షం నేలకు దాదాపు సమాంతరంగా పడుకుని ఉంటుంది. ప్రతిబరువుల కడ్డీ కిందికి తిరిగినప్పుడు అది పియర్ పక్కనుంచే పోవాలి. అడుగు వ్యాసం ఉన్న లావాటి కాంక్రీటు స్తంభాన్ని పై వరకు లేపితే బరువులు దానికి తగులుతాయి. అందుకని కాంక్రీటును గది నేల మట్టం దగ్గర ఆపి, పైన ఆరంగుళాల ఎం.ఎస్. (మెత్తటి ఉక్కు) పైపును మందపాటి ప్లేటుతో బిగించడం మంచిది. పైపును పొడి ఇసుకతో నింపితే ఊగిసలాట త్వరగా అణగిపోతుంది.

గోపురమా, జారే కప్పా అన్నదానికి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. గాలి బాగా వీచే చోటికి, వీధి దీపం నేరుగా కంట్లో పడే చోటికి గోపురం తగినది. మీది పొలం, చుట్టూ చీకటి. జారే కప్పు తీయగానే గది లోపలి వేడి పూర్తిగా బయటికి పోతుంది, ఆకాశం మొత్తం ఒకేసారి కనిపిస్తుంది, పైగా దాన్ని మన ఊరి వెల్డింగు షాపులోనే చేయించుకోవచ్చు. స్లైడింగ్ గేట్లకు వాడే గాడి చక్రాలు, వాటి కింద తిరగేసి వెల్డ్ చేసిన ఎల్-యాంగిల్ పట్టా సరిపోతాయి. తలకిందులుగా ఉన్న యాంగిల్ మీద మట్టి నిలవదు, చక్రం పక్కకు జారదు. బేరింగు ఉన్న చక్రాలే తీసుకోండి, బేరింగు లేనివి రెండు వానలకే పట్టేస్తాయి.

అగస్త్య

దిక్కుల విషయం మీద కాస్త వివరంగా రాయాలనిపించింది, ఎందుకంటే మన ప్రాంతంలో వేధశాల కట్టుకోవడానికున్న అసలు ఆకర్షణ దక్షిణాకాశమే.

మీ 15.5 డిగ్రీల అక్షాంశం నుంచి లెక్క వేసి చూడండి. ఒమేగా సెంటారీ నక్షత్రగుచ్ఛం దక్షిణాన మధ్యాహ్న రేఖను (తల మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపే గీతను) దాటేటప్పుడు సుమారు 27 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. అగస్త్య నక్షత్రం దాదాపు 22 డిగ్రీలకు, ఈటా కెరీనా నెబ్యులా 15 డిగ్రీలకు కాస్త తక్కువగా, త్రిశంకు మండలంలోని అన్నింటికన్నా కాంతివంతమైన చుక్క 11 డిగ్రీలకు వస్తాయి. యూరపులో అధిక భాగం నుంచి ఇవేవీ కనిపించవు. కాబట్టి మీ దక్షిణపు గోడ, ఆ వైపు ఉన్న చెట్లు, కప్పు పట్టాలు, ఏవీ పది డిగ్రీలకు పైన అడ్డు రాకూడదు.

టెలిస్కోపు అక్షం నేలకు 1.6 మీటర్ల ఎత్తులో, గోడ 1.5 మీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. పది డిగ్రీల వరకు చూడాలంటే గోడ అక్షం కన్నా పాతిక సెంటీమీటర్లకు మించి పైకి పోకూడదు. టెలిస్కోపు నోరు పూర్తిగా తెరచి ఉండాలి కనుక దాని వ్యాసార్ధం కూడా తీసేస్తే, గోడను 1.7 మీటర్ల దగ్గర ఆపడం మేలు.

ఇక కప్పును ఉత్తరానికి జరపాలన్న నియమం మనకూ వర్తిస్తుంది, కానీ కారణం వేరు. నలభై డిగ్రీల అక్షాంశంలో ధ్రువ నక్షత్రం చాలా ఎత్తున ఉంటుంది కాబట్టి వారికి కప్పు అడ్డు రాదు. మనకు అది పదిహేను డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, కప్పు దాన్ని మూసేస్తుంది. అయినా ఉత్తరాన కింది భాగంలో ఉన్న వస్తువులేవీ మనకు శాశ్వతంగా దూరం కావు. ఎం81, ఎం82 గెలాక్సీలు ధ్రువానికి పైన మధ్యాహ్న రేఖ దాటేటప్పుడు 36 డిగ్రీల ఎత్తులో ఉంటాయి, అప్పుడే వాటిని చూస్తాం. దక్షిణాన ఉన్నవాటికి ఆ రెండో అవకాశం లేదు. పోగొట్టుకోవలసి వస్తే ఉత్తరాన్నే పోగొట్టుకోవాలి.

సప్తర్షి మండలం

అగస్త్య గారి లెక్కతో పేచీ లేదు కానీ, పడమరకు జరపడం గురించి కూడా ఆలోచించాలని నా మనవి. వేగుచుక్క గారి పొలం నంద్యాలకు తూర్పున ఉంది, అంటే పట్టణం వెలుగు పడమటి దిగంతంలో ఉంటుంది. ఆ వైపు ఆకాశం ఎలాగూ పాడైనదే. కప్పును అటు జరిపితే ధ్రువ నక్షత్రం కనిపిస్తూనే ఉంటుంది, ధ్రువ అమరికకు ఇబ్బంది ఉండదు.

అగస్త్య

సప్తర్షి మండలం గారూ, మీ వాదనలో బలం ఉంది. అయితే పడమటి ఆకాశంలో ఇరవై డిగ్రీల లోపు భాగం పోతే సాయంసంధ్యలో కనిపించే తోకచుక్కలు, బుధ శుక్రులు పోతాయి. తోకచుక్కలు అత్యంత కాంతిమంతంగా ఉండేది సూర్యుడి దగ్గరికి వచ్చినప్పుడే కాబట్టి వాటిని సంధ్యాకాశంలోనే వెతకాలి. తూర్పున ఇప్పటికే నల్లమల కొండలు అడ్డుగా ఉన్నాయి, పడమరను కూడా వదులుకుంటే రెండు సంధ్యలూ చేజారుతాయి.

కప్పు ధ్రువ నక్షత్రాన్ని మూసేసే సమస్యకు రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది, తెరిచిన కప్పు గోడకు మూడడుగుల అవతలికి పోయేలా పట్టాలను పొడిగించడం. కప్పు శిఖరం అక్షం కన్నా అరవై సెంటీమీటర్లు ఎత్తున ఉంటే, దాని దగ్గరి అంచు 1.5 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఇరవై రెండు డిగ్రీల వరకు మూస్తుంది. అదే అంచు 2.4 మీటర్ల దూరానికి పోతే అడ్డు పద్నాలుగు డిగ్రీలకు దిగుతుంది, ధ్రువ నక్షత్రం పైన కనిపిస్తుంది. రెండవది, ఎన్.ఐ.ఎన్.ఏ. వంటి సాఫ్ట్‌వేర్లలో ఉన్న మూడు బిందువుల పద్ధతి. ఆకాశంలో ఏ వైపునైనా మూడు చోట్ల ఫొటో తీసి, నక్షత్రాల స్థానాల నుంచి ధ్రువం ఎక్కడుందో అది లెక్కగడుతుంది, ధ్రువ నక్షత్రాన్ని చూడవలసిన పనే లేదు.

వేగుచుక్క

ఇద్దరికీ ధన్యవాదాలు. సంధ్యాకాశం సంగతి నాకు తట్టలేదు. ఉత్తరానికే జరుపుతాను, పట్టాలు మూడడుగులు అదనంగా పొడిగిస్తాను.

ఇప్పుడు ఎండ, వాన, కరెంటు గురించి అడుగుతున్నాను. మే నెలలో ఇక్కడ నలభై రెండు డిగ్రీలు దాటుతుంది, రేకు కింద పరికరాలు ఏమవుతాయో అన్న భయం ఉంది. వ్యవసాయ కరెంటు రోజంతా ఉండదు.

పిల్లలకోడి

మాది విశాఖపట్నం, కాబట్టి గాలివానల నుంచి మొదలుపెడతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును చూసినవారెవరూ జారే కప్పును చక్రాల మీద ఊరికే వదిలిపెట్టరు. నంద్యాలలో తుపాను ఆ స్థాయిలో రాకపోవచ్చు కానీ, వేసవిలో ఈదురుగాలులు రేకుల కప్పును లేపేయగలవు. నాలుగు మూలలా కప్పు చట్రం నుంచి కిందికి దిగి పట్టా కింద పట్టుకునే ఇనుప కొక్కేలు పెట్టించండి, కప్పు జరిగేటప్పుడు కూడా అవి పట్టును వదలకూడదు. మూసిన తరువాత టర్న్‌బకిల్‌తో గోడకు బిగించండి.

గోడలకు ఇటుక వాడకండి. పగలంతా ఎండను దాచుకున్న ఇటుక గోడ అర్ధరాత్రి వరకు వేడిని వదులుతూనే ఉంటుంది, ఆ వేడి గాలి పొరల్లోంచి చూస్తే గ్రహాల అంచులు మరుగుతున్నట్టు కనిపిస్తాయి. యాంగిల్ చట్రానికి యాభై మిల్లీమీటర్ల పఫ్ ప్యానెళ్లు (రేకుల మధ్య నురుగు నింపిన పలకలు) బిగిస్తే వేడి లోపలికి తక్కువగా వస్తుంది, వచ్చినది త్వరగా పోతుంది. కప్పుకూ అవే ప్యానెళ్లు, బయటివైపు తెల్ల రంగు. ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి సూర్యాస్తమయానికి గంట ముందు తిప్పండి. ఆ ఫ్యానుకు, ప్రతి కేబుల్ రంధ్రానికి సన్నని స్టీలు జాలీ తప్పనిసరి. ఎలుకలు, ఉడతలు కేబుళ్లు కొరుకుతాయి, కందిరీగలు ఖాళీగా ఉన్న ఏ గొట్టంలోనైనా గూడు కడతాయి.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు టెలిస్కోపును అక్కడ వదలకపోవడమే నా సలహా. తేమలో కొన్ని వారాలు మూసి ఉంచిన కటకాల మీద బూజు పడుతుంది, అది పూతను తినేస్తే తుడిచినా పోదు. పియర్, మౌంటు అక్కడే ఉండనిచ్చి, ట్యూబును, కెమెరాను ఇంటికి తెచ్చి ఫొటోగ్రాఫర్లు వాడే డ్రై క్యాబినెట్‌లో నలభై నుంచి యాభై శాతం తేమ దగ్గర ఉంచండి. చలికాలంలో తెల్లవారుజామున ముందు అద్దం మీద మంచు పట్టకుండా హీటర్ పట్టీ, డ్యూ షీల్డు (ట్యూబు ముందు తొడిగే గొట్టం) రెండూ కావాలి.

గొల్లకావడి

కరెంటు లెక్క సులువే. మౌంటు, కెమెరా చల్లబరిచే యూనిటు, హీటర్ పట్టీలు, చిన్న కంప్యూటరు కలిపి 12 వోల్టుల దగ్గర సుమారు ఎనిమిది ఆంపియర్లు తీసుకుంటాయనుకుంటే, పది గంటల రాత్రికి 80 ఆంపియర్-గంటలు కావాలి. 100 ఆంపియర్-గంటల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి, పగలు దాన్ని నింపడానికి సోలారు ప్యానెలు ఉంటే వ్యవసాయ లైను మీద ఆధారపడనక్కరలేదు. ఇన్వర్టరు కూడా అక్కరలేదు, అన్నీ 12 వోల్టుల మీదే నడుస్తాయి.

పిడుగుల గురించి మాత్రం అశ్రద్ధ చేయకండి. చదును పొలంలో ఇనుప కప్పు ఉన్న గది అది. విడిగా ఎర్తింగు గుంట తవ్వించి, కప్పు చట్రాన్ని, పట్టాలను, పియర్ పైపును ఒకే ఎర్తింగుకు కలపండి. ఇంటినుంచి వేధశాలకు నెట్‌వర్కు తీసుకెళ్తే రాగి తీగ వద్దు, ఆప్టికల్ ఫైబరు వేయించండి. దాంట్లో విద్యుత్తు ప్రవహించదు.

సప్తర్షి మండలం

కట్టడం బోల్టులతో విప్పదీసేలా ఉండాలని గట్టిగా కోరుతున్నాను. దీనికి మన చరిత్రే ఆధారం. తెలుగు నేల మీద సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నవారు చాలా ముందే ఉన్నారు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లో తమ నివాసంలోనే వేధశాల నెలకొల్పారు, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని కొనసాగించి 1874 డిసెంబరు 9న శుక్ర సంక్రమణాన్ని (శుక్రుడు సూర్యబింబం మీదుగా వెళ్లడాన్ని) పరిశీలించారు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో తన ఎస్టేటులో 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపుతో వేధశాల ప్రారంభించారు. ఆయన మరణించాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని స్వీకరించింది, తరువాత అది బేగంపేటకు మారింది. నగరం పెరిగి దాన్ని చుట్టుముట్టింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోపును జపాల్-రంగాపూర్‌లో నెలకొల్పింది. 1960లలో అది నగరానికి చాలా దూరం. నగరపు వెలుగు అక్కడికీ చేరింది.

నంద్యాల ఇప్పుడు జిల్లా కేంద్రం, ఊరు ఎటు పెరుగుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. చట్రం వెల్డింగుతో కాక బోల్టులతో బిగిస్తే, అవసరమైన రోజున పియర్ తప్ప మిగతాదంతా లారీలో వేసుకుని వేరే చోటికి తీసుకెళ్లవచ్చు.

అగస్త్య

ఇంత శ్రమపడి కడుతున్నారు కాబట్టి అందమైన ఫొటోలతో ఆగిపోవద్దని నా విన్నపం. స్థిరమైన పియర్ మీద ఉన్న 8 అంగుళాల టెలిస్కోపు నిజమైన విజ్ఞానానికి సరిపోతుంది. హెచ్‌డి 189733 నక్షత్రం ముందునుంచి దాని గ్రహం వెళ్లినప్పుడు వెలుగు దాదాపు రెండున్నర శాతం తగ్గుతుంది, మీ పరికరాలతో ఆ తగ్గుదలను కొలవవచ్చు. కరోనా బొరియాలిస్ మండలంలోని టి నక్షత్రం 1866లో, 1946లో పేలింది. మామూలుగా పదో ప్రమాణంలో (ప్రమాణపు అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) ఉండే అది పేలినప్పుడు కంటికి స్పష్టంగా కనిపించే రెండో ప్రమాణం వరకు వెలుగుతుంది. ఇలాంటి నక్షత్రాల కొలతలను 1911 నుంచి పనిచేస్తున్న అమెరికా చలనక్షత్ర పరిశీలకుల సంఘం అందరి నుంచీ స్వీకరిస్తుంది. జపాను, ఆస్ట్రేలియాలకు, యూరపుకు మధ్యలో ఉన్న మన రేఖాంశం నుంచి వచ్చే కొలతలకు ఎంతో విలువ ఉంటుంది.

ఒక్క సూచన. 2032 మిల్లీమీటర్ల నాభ్యంతరంతో, 3.76 మైక్రాన్ల పిక్సెళ్లున్న కెమెరా వాడితే పిక్సెలుకు 0.38 ఆర్క్ సెకన్లు వస్తాయి, మన వాతావరణానికి అది మరీ సూక్ష్మం. 0.63 రెడ్యూసర్ (నాభ్యంతరాన్ని అంత నిష్పత్తికి తగ్గించే కటకం) వేసుకుంటే 0.6కు వస్తుంది, గైడింగ్ మీద భారం తగ్గుతుంది.

వేగుచుక్క

ఇక్కడ చెప్పిన ప్రకారం మేస్త్రీని పిలిపించి గుంట తీయించాను. ఎనిమిది అడుగుల దగ్గర మొరం తగిలింది. ఆ మొరం మీదనుంచే పియర్ లేపుతున్నాం, నల్లమట్టి నేరుగా అంటకుండా పియర్ చుట్టూ హ్యూమ్ పైపు (పెద్ద కాంక్రీటు గొట్టం) దించుతున్నాం. కాంక్రీటు పోసే ముందు చివరి సందేహం: పై ప్లేటు బోల్టులను ఉత్తరానికి ఎలా సరిపెట్టాలి?

గొల్లకావడి

మొరం తగలడం మంచి వార్త. హ్యూమ్ పైపు లోపలి అంచుకు, పియర్‌కు మధ్య రెండంగుళాల సందు వదలండి, లోపలికి నీరు దిగకుండా పైన మూత వేయించండి.

జె-బోల్టులను (కాంక్రీటులో పాతే కొక్కెం బోల్టులను) విడివిడిగా గుచ్చవద్దు. ప్లేటులో ఉన్న రంధ్రాల ప్రకారమే ప్లైవుడ్ ముక్కకు రంధ్రాలు తీసి, దానికి నాలుగు బోల్టులూ బిగించి, ఆ ముక్కను అలాగే తడి కాంక్రీటులో దించండి. ఉత్తరం కోసం దిక్సూచిని ఇనుప చువ్వల దగ్గర పెట్టవద్దు, అవి ముల్లును లాగేస్తాయి. ముందు రోజు రాత్రి ధ్రువ నక్షత్రాన్ని చూస్తూ పియర్ మధ్యనుంచి రెండు మేకుల మధ్య దారం కట్టి ఉంచుకోండి, మర్నాడు ప్లైవుడ్ మీద గీసిన గీతను ఆ దారం కిందికి తెస్తే చాలు. మౌంటులో సరిచేసుకునే మరలు కొన్ని డిగ్రీల వరకు తిరుగుతాయి కాబట్టి మిగిలిన తేడా వాటితో పోతుంది. పోసిన తరువాత గోనెపట్టా చుట్టి కనీసం రెండు వారాలు నీళ్లు పట్టండి, నెల రోజుల వరకు మౌంటును ఎక్కించకండి.